ముప్పై ఒకటో ముడి

తుమ్మెదకోట రాజ్యానికి పడమటి అంచున, మూడు కొండలు ఒకదాని భుజం మీద మరొకటి తల వాల్చి కునుకు తీస్తున్నట్టుండే చోట, వెండిగిన్నె సరస్సు ఉంది. తెల్లవారగానే దాని మీద మంచు కాగుతున్న పాల ఆవిరిలా లేస్తుంది. పొద్దెక్కేకొద్దీ నీళ్లు నెమలి మెడ రంగుకు తిరుగుతాయి. మిట్టమధ్యాహ్నం చేపపిల్లలు ఎగిరెగిరి పడుతుంటే ఎవరో దోసిళ్లతో మల్లెమొగ్గలు చల్లుతున్నట్టుంటుంది. ఒడ్డు పొడుగునా మొగలి పొదలు, ఆ పొదల మీద ఎర్రతోకల తూనీగలు. సరస్సు నడిమధ్యన, చూపు ఆనీ ఆననంత దూరంలో, నల్లని దిబ్బ ఒకటి. దాన్ని కొంగల దిబ్బ అంటారు. జాలరులు కూడా అటు పోరు. ఎందుకు పోరని అడిగితే, "మా తాత పోలేదు" అంటారు.

ఇంత అందమైన నీళ్లు చూస్తే కవులు పద్యం చెబుతారు. తల్లులు మాత్రం లోతెంత అని అడుగుతారు.

ఆ ఒడ్డున ఏటా ఎండాకాలంలో నలభై రోజుల విడిది జరుగుతుంది. పూర్వం పెద్దరాణి తరళాదేవి పెట్టిన ఆచారం. పదమూడేళ్లు నిండి పదిహేడు దాటని పిల్లల్లో చీటీలు వేసి ముప్పై ఒక్కరిని పిలుస్తారు. కోటలో పుట్టినా, కొలిమి పక్కన పుట్టినా అందరికీ ఒకటే చాప, ఒకటే విస్తరి. నగలు, బిరుదులు, దాసదాసీలు కొండ అవతలే ఆగిపోవాలి. ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని ఈదడం, అరటిబోదెలు గుచ్చి తెప్ప కట్టడం, గుండ్రటి పుట్టి గిరగిరా తిరగకుండా తెడ్డు వెయ్యడం, చెట్టెక్కి దారి చూడడం, తడి కట్టెలతో నిప్పు రాజెయ్యడం, ఇవన్నీ ఆ నలభై రోజుల్లో ఒంటబట్టాలి.

నేర్పేది చెంగల్వ. పడవవాడి కూతురు, ఇరవై నాలుగేళ్లది. విడిదికి ఆమె ఒడ్డుపెద్ద. ఆమె పిలుపు మూడో కొండకు తగిలి తిరిగొస్తుందని చెప్పుకుంటారు. మొదటి రోజు బండ్లు కదిలేటప్పుడు ముప్పై ఒక్క మంది తల్లులూ ఆమె చేతులు పట్టుకున్నారు. ఒకామె పిల్లవాడికి జలుబని చెప్పింది. ఒకామె ఏమీ చెప్పలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అందరికీ చెంగల్వ ఒకే మాట ఇచ్చింది. "చేత్తో తీసుకున్నాను. చేత్తోనే అప్పగిస్తాను."

బండ్లు మలుపు తిరిగాక పిల్లల్ని వరసగా పేర్లడిగింది. వరసలో చివర ఒక పద్నాలుగేళ్లవాడు గడ్డం ఎత్తి మొదలుపెట్టాడు. "శ్రీమద్రాజకులతిలక, కువలయవంశ జలధిచంద్ర, సమరసింహ, సజ్జనపాల..."

వెనకాల వంటపొయ్యి మీద పెసరపప్పు మాడిన వాసన వచ్చింది. అతడింకా తాతగారి బిరుదుల్లోనే ఉన్నాడు.

"ఆగు బాబూ, ఆగు! నువ్వు నీళ్లలో మునిగావనుకో, నేనా పేరు పిలవడం అయ్యేసరికి అడుగున కూర్చుని పీతలతో పచ్చీసు ఆడుతుంటావు. చివర ఏముంది?"

"చంద్రకేతనుడు" అన్నాడు కుర్రవాడు, మధ్యలో ఆపినందుకు నొచ్చుకుని.

"ఇక్కడ నువ్వు కేతువి."

అతడు మహారాణిగారి ఏకైక కుమారుడు. పుట్టింది మొదలు తన చెప్పు తాను విప్పుకుని ఎరగడు. అయినా బిరుదుల విషయంలో పట్టు వదల్లేదు. రోజూ పొద్దున్న చెంగల్వ హాజరు పిలిస్తే అందరూ "ఉన్నానక్కా" అనేవారు. కేతు మాత్రం పదిహేడు బిరుదులూ చదివేవాడు. పక్కన కమ్మరి కొడుకు భైరి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టేవాడు, ఒక్కటి తగ్గినా ఎగతాళి చెయ్యవచ్చని.

కోటలో కేతుకు నీళ్లు తోడిపెట్టే దాసి కూతురు పున్ని. ఆ పిల్లకూ పద్నాలుగేళ్లే. కేతు పేరు వచ్చిన ఏడే పున్ని పేరు కూడా చీటీలో రావడం చీటీల చలవో, మహారాణిగారి చలవో ఎవరూ అడగలేదు.

ఇక విడిదిలో అన్నిటికంటె పెద్ద కట్టుబాటు ఒకటుంది. రేవులో రెండు రాటల మధ్య పెద్దరాణి స్వయంగా పేనిన జనపనార తాడు ఉంటుంది. ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక రంగుగుడ్డ. నీళ్లలోకి దిగేముందు ఎవరి గుడ్డ వాళ్లు తాడుకు ముడి వెయ్యాలి. ఒడ్డెక్కాక ఎవరి ముడి వాళ్లు విప్పుకోవాలి. తాడు మీద ముడి ఉందంటే ఆ మనిషి ఇంకా నీళ్ల మీద ఉన్నట్టు. తాడు బోసిగా ఉంటేనే ఒడ్డుపెద్ద అన్నం ముట్టాలి.

పద్దెనిమిదో రోజు పొద్దున్న అందరూ తెప్పలేసుకుని తామర తూళ్లు కోయడానికి జమ్ము గడ్డిలోకి వెళ్లారు. అరిచారు, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు, ఒక తెప్పను బోల్తా కొట్టించారు. మధ్యాహ్నం దాటాక మోపులతో తిరిగి వచ్చారు. చెంగల్వ రేవుకు వెళ్లి తాడు చూసింది. ఒక్క ముడి కూడా లేదు. చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చుంది.

రెండో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఎదురు వరసలో ఒక విస్తట్లో అన్నం వడ్డించినట్టే ఉంది. తామర తూళ్ల పులుసు మీద పొర కట్టింది. ఎదురుగా మనిషి లేడు.

"కేతు ఏడీ?"

"భైరి తెప్పలో వచ్చాడుగా" అన్నారు ఎవరో.

"నా తెప్పా? నా తెప్పలో పున్ని వచ్చింది. వాడు వెనకాల తెప్పలో వస్తానన్నాడు" అన్నాడు భైరి, చెయ్యి నాకుతూ.

"మా తెప్పలోనా? మాతో ముందు తెప్పలో వస్తానన్నాడు!"

చెంగల్వ లేచి నిలబడింది. "తాడు మీద ముడి లేదే! ముడి విప్పుకుని ఎటు పోయాడు?"

పున్ని ముఖం తెల్లబోయింది.

"పున్నీ! ఇటు చూడవే. ఏమైంది?"

"నేనే ఇప్పేశానక్కా" అంది పున్ని. "నాది ఇప్పుకున్నాను. పక్కన బాబుగారిది ఉంది. చేతులు వాటంతటవే పోయాయి. అలా పడి ఉన్నది చూసి ఊరుకోలేనక్కా. చెప్పులైనా అంతే, దుప్పటైనా అంతే."

"ఇవాళ ఒక్కరోజేనా?"

"రోజూ నేనే ఇప్పుతాను."

"కట్టేది?"

"అదీ నేనేనక్కా."

ఎవరూ నవ్వలేదు. భైరి సైతం నవ్వలేదు. జమ్ము గడ్డిలో ఒక మట్టిగడ్డ మీద కేతు నిలబడి ఉంటాడని అందరికీ అర్థమైంది. తెప్పలోకి దిగడానికి ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారని చూస్తూ నిలబడి ఉంటాడు. ముందువాళ్లు వెనకవాళ్లనుకున్నారు, వెనకవాళ్లు ముందువాళ్లనుకున్నారు.

భైరి రేవు వైపు చూసి, "అక్కా, కొంగ లేదు" అన్నాడు.

విడిది మొదలైన నాటినుంచీ రేవు పక్కన ఒక బూడిదరంగు కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉండేది. భైరి చేప తలలు విసిరినా ముట్టేది కాదు. మహా తపస్వి అని పిల్లలు దండాలు పెట్టేవారు. ఇవాళ ఆ చోట బురదలో ఒంటికాలి గుర్తు ఒక్కటే ఉంది.

వంటపాకలోంచి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది నూకాలవ్వ. పెద్దరాణి కాలంలో ఆ విడిదిలోనే ఈత నేర్చిన ముసలిది. "అయ్యో నా తల్లీ! అది కొంగ కాదే, బకాక్షుడే!" అని నెత్తి కొట్టుకుంది. "మా అమ్మ చెప్పేది. ఈ తాడు లేని రోజుల్లో ఆ మాంత్రికుడు ఏటా రేవుల్లోంచి పిల్లల్ని ఎత్తుకుపోయి, కొంగల్ని చేసి ఆ కొంగల దిబ్బ మీద నిలబెట్టేవాడంట. వాళ్ల వయసు తాగి వాడు బతకడం. వీడింకా రాలేదే అని ఎదురుచూసేవాళ్లు ఉన్నంతసేపూ వాడి మంత్రం పారదు. అందుకే పెద్దరాణి ఈ తాడు పేనింది. ముడి ఉందంటే ఎదురుచూపు ఉన్నట్టు. ముడి పోయిందా, లెక్కలోంచి జారిపోయినట్టే!"

"ఇప్పుడేం చెయ్యాలవ్వా?"

"పొద్దు గూకేలోగా ఆ కుర్రోడు తన ముడి తానే తాడుకెక్కించాలి. పొద్దు గూకిందా, పేరు మర్చిపోతాడు. పేరు మర్చినోడు ముడేం కడతాడు, ఎవడి పేర కడతాడు?"

"తాడు పట్టుకుని నేను వెళ్తాను."

"ఒట్టి తాడు గడ్డిపోచే తల్లీ. ముడులుంటేనే దానికి ప్రాణం."

ముడులు ఉండాలంటే పిల్లలు నీళ్ల మీద ఉండాలి. ఒక్కడి కోసం ముప్పై మందిని ఆ దిబ్బకు తీసుకెళ్లాలి. ముప్పై మంది తల్లుల చేతుల వేడి ఆమె అరచేతుల్లో ఇంకా ఉంది. చూస్తే సూర్యుడు మొదటి కొండ మీదికి దిగుతున్నాడు.

"ఈత బాగా వచ్చినవాళ్లు ఐదుగురు చాలు. ఎవరెవరు వస్తారో..." అంటూ వెనక్కి తిరిగింది.

రేవులో తాడు మీద ముప్పై గుడ్డలు రెపరెపలాడుతున్నాయి. ముడి గట్టిదో కాదో భైరి పళ్లతో లాగి చూసుకుంటున్నాడు.

"మిమ్మల్నెవరు కట్టమన్నార్రా?"

"నువ్వు తిట్టేలోగా కట్టేస్తే మంచిదనీ..." అన్నాడు భైరి.

తాడు రాటలనుంచి ఊడింది. నాలుగు పుట్లు నీళ్లలో పడ్డాయి. ఒక్కో పుట్టి వేరుగా పోతే గిరగిరా తిరుగుతుంది గనుక నాలుగింటినీ ఆ తాడుతోనే గొలుసుగా బిగించారు. నడుములకు సొరకాయ బుర్రలు, చేతుల్లో తెడ్లు. పున్ని కేతు గుడ్డను, పసుపుపచ్చది, బొడ్లో దోపుకుంది. నూకాలవ్వ ఒడ్డు మీద నిలబడి గరిటెతో లెక్కపెట్టింది. చెంగల్వతో కలిపి ముప్పై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది.

"ఎడమ! కుడి! ఎడమ! భైరీ, కుడి అంటే అన్నం తినే చెయ్యి!"

"నేను రెండు చేతుల్తోనూ తింటానక్కా!"

జమ్ము గడ్డి దాటగానే నీళ్లలో ఒక తల కనిపించింది. "అక్కా! చెంగక్కా!" అని కేకవేసింది. కేతే! అదే గడ్డం, అదే నొసలు. గబగబా ఈదుకుంటూ వచ్చి, పుట్టి అంచు పట్టుకుని, ఒక్క ఊపున పైకెక్కాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. పున్ని ఏడుస్తూ నవ్వింది.

"దారి తప్పానక్కా. పద, వెనక్కి పోదాం. అందరూ అలసిపోయినట్టున్నారు" అన్నాడతడు. కండువా తీసి శుభ్రంగా పిండుకుని, దులిపి, భుజాన వేసుకున్నాడు. కూర్చుని, అడగకుండానే తెడ్డు అందుకున్నాడు.

కేరింతలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"పున్నీ" అన్నాడు భైరి మెల్లగా. "వీడు కండువా పిండుకున్నాడే."

"చూశాను" అంది పున్ని. కన్నీళ్లు తుడుచుకుని లేచింది. "దులిపాడు కూడా. మా బాబుగారు దులపడం నేను పుట్టాక చూడలేదు."

చెంగల్వ నవ్వుతూనే తెడ్డు రెండు చేతులా పట్టుకుంది. "కేతూ, నాయనా, ఏదీ, హాజరు చెప్పు?"

"ఉన్నానక్కా" అన్నాడు వాడు వినయంగా.

తెడ్డు వాడి వీపున పడింది. కేతు ముఖం చెదిరి, ముక్కు మూరెడు సాగి, పుట్టిలో ఒక పెద్ద బూడిదరంగు కొంగ రెక్కలు విప్పింది. ఎర్రటి కళ్లు, మనిషి గొంతు. "ఒడ్డుపెద్దా! ముప్పై మందిని నా ముంగిట్లోకి తెస్తున్నావా? ముడులు తడిస్తే జారతాయే!" అంటూ వికటంగా నవ్వి బకాక్షుడు గాలిలోకి లేచాడు. ఎవరినీ ముట్టుకోలేకపోయాడు గాని, రెక్కలతో మూడుసార్లు నీళ్లు కొట్టాడు. మూడోసారికి సరస్సు గిన్నెలో పప్పు తిప్పినట్టు తిరగడం మొదలుపెట్టింది.

నాలుగు పుట్లూ సుడిలో పడ్డాయి. కొండలు, ఆకాశం, జమ్ము, మళ్లీ కొండలు! ఒకమ్మాయి తెడ్డు ఎగిరిపోయింది. ఒకడికి మధ్యాహ్నం తిన్నదంతా నోట్లోకి వచ్చింది.

"సుడికి ఎదురు వెయ్యకండి! దానితోపాటే వెయ్యండి! మొదటి వారం పుట్టి నేర్చుకున్నప్పుడు ఏం చెప్పాను?"

"నోరు మూసుకుని తెడ్డెయ్యమన్నావక్కా!" అని నాలుగో పుట్టిలోంచి కేక వచ్చింది.

"అదే వెయ్యండి!"

ముప్పై తెడ్లు ఒక్కసారి పడ్డాయి. సుడి తిప్పినవైపే తామూ తిరిగి, తిరిగి, ఇంకా జోరుగా తిరిగి, చెంగల్వ "ఇప్పుడు!" అనగానే అందరూ కుడివైపుకు ఒక్క పోటు పొడిచారు. వడిసెల నుంచి రాయి విడిచినట్టు పుట్ల గొలుసు సుడిలోంచి ఎగిరి బయటపడింది. నీళ్ల మీద రెండుసార్లు గెంతి, నల్లటి బురదలోకి దూసుకుపోయి, కొంగల దిబ్బ మీద ఆగింది.

చెంగల్వ ముందు తలలు లెక్కపెట్టింది. తరువాత ముడులు లెక్కపెట్టింది. ముప్పై, ముప్పై. అప్పుడు ఊపిరి తీసుకుంది.

దిబ్బ నిండా కొంగలు. నూరుకు తక్కువ ఉండవు. అన్నీ తెల్లనివే, అన్నీ ఒంటికాలి మీదే, ఒకే ఎత్తు, ఒకే చూపు. సూర్యుడు రెండో కొండ దాటి మూడో కొండ మీదికి వాలుతున్నాడు. కొంగల నీడలు పుట్ల దాకా సాగాయి.

"వీటిలో మనవాడు ఎవడక్కా?" అన్నాడు భైరి.

చెంగల్వ నడుముకు చెయ్యి పెట్టుకుని, రోజూ పొద్దున్న పిలిచినట్టే పిలిచింది. "కేతూ!"

కొంగలు కదల్లేదు. పిలుపు మూడో కొండకు తగిలి తిరిగొచ్చింది. అప్పుడు ఎడమవైపు మూలనుంచి ఒక కొంగ గడ్డం ఎత్తి అరిచింది. "క్రాక్, క్రాక్, క్రాక్..." ఆగలేదు. మెడ నిలువునా చాచి, కళ్లు అరమోడ్చి, ఎంతో హుందాగా అరుస్తూనే ఉంది. భైరి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

"పదిహేడు!" అని గెంతాడు. "అక్కా, పదిహేడు బిరుదులూ! వీడే!"

పున్ని పరుగెత్తుకుపోయి ఆ కొంగ ముందు మోకాళ్ల మీద పడింది. చెంగల్వ తాడు కొస ఈడ్చుకొచ్చి దాని ముందు బిగువుగా పట్టుకుంది. పసుపు గుడ్డ తాడు మీద వేలాడేశారు.

"కేతూ, నీ ముడి నువ్వే కట్టాలి. ముక్కుతోనే. మేమెవరం ముట్టుకోకూడదు."

కొంగ గుడ్డను చూసింది. పున్నిని చూసింది. ఎప్పటిలాగే మెడ పక్కకు తిప్పుకుని వేచి ఉంది.

"అయ్యో బాబుగారూ, నేను కాదు, మీరే..." పున్ని చేతులు ముందుకు పోయాయి. చెంగల్వ గద్దించింది. "పున్నీ! చేతులు!" ఆ పిల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"కేతూ!" అని మళ్లీ పిలిచింది చెంగల్వ. కొంగ అరిచింది. ఈసారి భైరి వేళ్లు పదకొండు దగ్గర ఆగిపోయాయి.

"అక్కా, మర్చిపోతున్నాడు."

అప్పుడు కొంగకు భయం వేసింది. గుడ్డను ముక్కుతో పట్టుకుంది. వదిలింది. పట్టుకుంది. గుడ్డ బురదలో పడింది. ముప్పై మందీ ఒక్కసారి గురువులైపోయారు.

"పంచె ముడి వేసినట్టు వెయ్యరా!"

"వాడెప్పుడేశాడు పంచె ముడి? జడ అల్లినట్టు తిప్పరా!"

"జడా? దూడను గుంజకు కట్టినట్టు..."

"వాడికి దూడేంటి, గుంజేంటి! కిందనుంచి! అబ్బా, పైనుంచి!"

"అందరూ నోళ్లు మూయండి!" అంది చెంగల్వ. మూడో కొండ అంచు సూర్యుణ్ణి తాకింది. "కేతూ!"

క్రాక్, క్రాక్, క్రాక్, క్రాక్, క్రాక్. ఐదు.

"పున్నీ, నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నావు. వీడు తన చేత్తో తాను చేసుకునే పని ఒక్కటైనా ఉందా?"

"ఏమీ లేదక్కా. అన్నం కూడా..." పున్ని ఆగింది. గొంతు తగ్గించింది. "ఒకటుంది. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇక్కడికొచ్చాక పడుకునేటప్పుడు అమ్మగారు ఇచ్చిన కండువా కొస వేలికి చుట్టుకుంటారు. చుట్టి, కొసను లోపలికి దూర్చి, ఊడిపోకుండా లాగుతారు. అప్పుడుగాని నిద్రపోరు."

పద్నాలుగేళ్లవాడి రహస్యం ముప్పై మంది విన్నారు. వాళ్లలో చాలామందికి చాపల కింద ఇలాంటివే ఏవో ఒకటి ఉన్నాయి.

చెంగల్వ తాడును వేలంత సన్నగా కనిపించేలా కొంగ కళ్ల ముందు నిలువుగా పట్టుకుంది. "ఇది తాడు కాదురా నాయనా. నీ వేలు. పడుకునే వేళయింది. మీ అమ్మ కండువా చుట్టుకో."

కొంగ బురదలోంచి గుడ్డ తీసింది. తాడు చుట్టూ మెడ తిప్పింది. ఒక చుట్టు. గుడ్డ జారబోయింది. కాలితో అదిమింది. రెండో చుట్టు. కొసను ముక్కుతో పొడిచి పొడిచి లోపలికి దూర్చింది. పున్ని చేతుల మీద ఊగుతూ, చూడలేక కళ్లు మూసుకుంది. సూర్యుడు సగం మునిగాడు. కొంగ కొసను పట్టుకుని, కాళ్లు రెండూ నేలకు తన్నిపెట్టి, వెనక్కి లాగింది.

ముడి బిగిసింది.

చూడడానికి ఎలుక కొరికిన ఉండలా ఉంది. అంత వికారమైన ముడి ఆ తాడు మీద పడి ఎరగదు. అయితేనేం, ఈకలు జల్లున రాలాయి. వాటి మధ్య బురద కొట్టుకున్న కుర్రవాడు ఒకడు తాడు కొస పట్టుకుని వెల్లకిలా పడి ఉన్నాడు.

"పేరు?" అని గట్టిగా అడిగింది చెంగల్వ.

అతడు ఆలోచించాడు. "కేతు" అన్నాడు. లేచి కూర్చుని ముడి వైపు చూశాడు. "అది నేనే కట్టాను. ఎవరూ ముట్టుకోకండి."

భైరి వాడి మీద పడి కౌగలించుకున్నాడు. పున్ని లేవబోయి, తిమ్మిరెక్కిన చేతులు చూసుకుని, మళ్లీ కూర్చుని ఏడ్చింది. "ముప్పై ఒకటి!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

"పుట్లు ఎక్కండి! తొందరగా!" అంది చెంగల్వ. ఆకాశంలో దూరంగా ఒక బూడిదరంగు చుక్క అటే వస్తోంది.

తాడు చుట్టబోతే బరువుగా తోచింది. రెండో కొసను ఎవరో పట్టుకున్నట్టుంది. తిరిగి చూసింది. ఒక తెల్లకొంగ బురదలో తడబడుతూ వచ్చి, ముక్కున ఒక జమ్ము పరక పట్టుకుని, దాన్ని తాడుకు చుట్టడానికి చూస్తోంది. పరక జారిపోతోంది. మళ్లీ తెచ్చుకుంటోంది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక దిబ్బ మీది కొంగలన్నీ ఒంటికాళ్లు దించి, మెల్లగా, మాట్లాడకుండా నడిచి వస్తున్నాయి.

"అక్కా" అన్నాడు భైరి. "వీళ్లందరూనా? తాడు లేని రోజుల్లో పోయినవాళ్లా?"

లెక్కపెట్టడానికి వేళ్లు ముడిచాడు, పది దాటాక మానేశాడు.

"వీళ్లకు పేర్లు గుర్తుండవుగా. వీళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు కూడా ఎవరూ మిగిలి ఉండరుగా. మరి ముడి ఎలా పడుతుంది?"

సూర్యుడు చింతగింజంత మిగిలాడు. బూడిదరంగు చుక్కకు రెక్కలు కనిపిస్తున్నాయి. పుట్లు సిద్ధంగా ఉన్నాయి. ముప్పై ఒక్క మందీ ఆమె ముఖం వంక చూస్తున్నారు. చెంగల్వ పమిట చెంగు పళ్లతో పట్టుకుని పర్రున చింపింది. పీలిక ఒకటి ఆ మొదటి కొంగ ముక్కుకు అందించింది.

"నేను చూస్తానమ్మా ఎదురు. పేరు తరువాత వెతుక్కుందాం. ఇప్పటికి నువ్వు ముప్పై రెండు" అంది. తరువాత చెంగు ఇంకోపక్కనుంచి చింపుతూ, దిబ్బంతా వినిపించేలా గొంతు పెంచింది.

"వరసలో రండి! తోసుకోకండి!"